పాలిచ్చే గేదె ఒళ్లు దిగకుండా ఏ అదనపు పోషకం ఎంచుకోవాలి? విశాఖ పరిసరాల పాడి రైతుకు ఒక పోలిక

ఈనిన నెలన్నరకు గేదె పూటకు ఐదారు లీటర్లు పోస్తూ ఉంటుంది. అయితే వెనుక నుంచి చూస్తే తుంటి ఎముకలు రెండూ పొడుచుకు వచ్చి, తోక మొదట్లో గుంట పడి కనిపిస్తుంది. పాలు చూస్తే సంతోషం, ఒళ్లు చూస్తే దిగులు. ఆ దిగులుతో పశువుల మందుల దుకాణానికి వెళ్లిన రైతుకు బైపాస్ కొవ్వు, ఖనిజ లవణ మిశ్రమం, కాల్షియం ద్రావణం, లివర్ టానిక్, ఈస్ట్ పొడి అన్నీ ఒకే అరలో కనిపిస్తాయి. అన్నింటి మీదా పాలు పెరుగుతాయనే రాసి ఉంటుంది. ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి మండలాల్లో రెండు గేదెలు మొదలుకొని పది గేదెల దాకా మేపుకునే ఇళ్లను మనసులో పెట్టుకొని, వీటిలో ఏ గేదెకు ఏది ముందు, ఏది తరువాత, ఏది అక్కరలేదు అన్నది ఈ వ్యాసంలో పోల్చి చెబుతాను. దుకాణంలో అడుగు పెట్టక ముందే మన గాడిలో లోటు ఎంత, అది దేని లోటు అని లెక్క చూసుకున్న రైతు సగం డబ్బు మిగుల్చుకుంటాడన్నది నేను అనుభవం మీద తెలుసుకున్న విషయం, కాబట్టి మొదట ఆ లెక్కతోనే మొదలుపెడతాను.

గాడిలోని లెక్క

గేదె పాల దిగుబడి ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గరిష్ఠానికి చేరుతుంది. మేత తినే శక్తి మాత్రం అంత త్వరగా పెరగదు; పది, పన్నెండు వారాలు గడిస్తే గాని అది పూర్తి స్థాయికి రాదు. ఈ నడుమ కాలంలో పాలలోకి పోయే శక్తికీ మేత ద్వారా వచ్చే శక్తికీ మధ్య ఉన్న తేడాను గేదె తన ఒంటి కొవ్వును, తరువాత కండను కరిగించి భర్తీ చేస్తుంది. ఆవుతో పోలిస్తే గేదెకు ఈ భారం ప్రతి లీటరు మీదా ఎక్కువగా ఉంటుంది. 7 శాతం వెన్న ఉన్న 10 కిలోల గేదె పాలలో ఉండే శక్తి, 4 శాతం వెన్న ఉన్న పద్నాలుగున్నర కిలోల ఆవు పాలలోని శక్తికి సమానం. పది లీటర్ల గేదెను పది లీటర్ల ఆవులాగే మేపితే ఒళ్లు దిగిపోవడంలో వింత ఏమీ లేదు.

సుమారు 500 కిలోల బరువుండి రోజుకు 10 లీటర్లు ఇచ్చే గ్రేడెడ్ ముర్రా గేదెను, అంటే ఊరి గేదెలను ముర్రా దున్నలతో దాటించి మెరుగుపరచిన గేదెను, తీసుకుందాం. జీర్ణమయ్యే పోషకాల రూపంలో లెక్కిస్తే దాని ఒంటి పోషణకే రోజుకు ఇంచుమించు 3.7 కిలోలు కావాలి. 7 శాతం వెన్న ఉన్న పాలకు లీటరుకు దాదాపు 0.46 కిలోల చొప్పున మరో 4.6 కిలోలు కావాలి, మొత్తం 8.3 కిలోలు. ఏడు కిలోల వరిగడ్డి, పదిహేను కిలోల పచ్చగడ్డి, ఐదు కిలోల మంచి దాణా కలిస్తే సుమారు 8 కిలోలు అందుతాయి. అంటే అక్కడ లోటు చిన్నది. వేసవి వచ్చి పచ్చగడ్డి పోయిన తరువాత ఎనిమిది కిలోల వరిగడ్డి, మూడు కిలోల దాణాతో సరిపెట్టే ఇళ్లలో మాత్రం అదే గేదెకు అయిదున్నర కిలోలకు మించి అందదు. ఈ దాదాపు మూడు కిలోల లోటును 150 గ్రాముల పొడి ఏదీ పూడ్చలేదు, దాని మీద ఎన్ని గుణాలు రాసి ఉన్నా సరే. గేదె ఒంటి నిర్వహణకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాణా, ఆపై ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో దాణా అన్నది పశువైద్యులు చెప్పే పాత లెక్క. పచ్చగడ్డి బాగా ఉన్న రోజుల్లో అందులో కొంత తగ్గించుకోవచ్చు. ఈ లెక్కకు దూరంగా ఉన్న ఇల్లు ముందు దాణానూ పచ్చగడ్డినీ సరిచేసుకోవాలి. దగ్గరగా ఉన్న ఇంటికే కింద చెప్పే పోలిక పూర్తిగా ఉపయోగపడుతుంది.

చేతితో తడిమి చూడడం

ఒళ్లు ఎంత ఉందో కంటితో అంచనా వేయడం గేదె విషయంలో మోసం చేస్తుంది. నల్లని మందపాటి చర్మం కింద ఏముందో చూపుకు అందదు. నిండుగా నీళ్లు తాగి గడ్డి తిన్న గేదె పొట్ట చూసి బాగుందని అనుకుంటాం. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ముర్రా గేదెల కోసం 1 నుంచి 5 దాకా, అర పాయింటు మెట్లతో ఒక శరీర స్థితి కొలమానాన్ని తయారుచేసి 2010లో ప్రచురించారు. ఎముకల దగ్గర ఎనిమిది చోట్ల పరీక్షించి ఇచ్చే ఆ స్కోరును వారు అల్ట్రాసౌండ్‌తో కొలిచిన కొవ్వు మందంతో సరిచూశారు. మన ఇంట్లో అంత సూక్ష్మంగా అవసరం లేదు. తోక మొదలుకూ పిరుదు ఎముకకూ మధ్య ఉన్న గుంట, తుంటి ఎముక, నడుము పక్కన అడ్డంగా ఉండే చిన్న ఎముకల అంచులు, వెన్నుపూస ముళ్లు, పక్కటెముకలు అనే ఈ ఐదు చోట్ల అరచేయి ఆనించి నొక్కి చూస్తే చాలు. నడుము పక్క ఎముకల అంచులు చేతికి పదునుగా తగిలి, తోక పక్కన లోతైన గుంట ఉంటే అది 2 లేదా అంతకు తక్కువ. అంచులు గుండ్రంగా ఉండి కొద్దిగా నొక్కితేనే తెలిస్తే 3. గట్టిగా నొక్కితే గాని ఎముక తగలకుండా, తోక పక్కన మెత్తని పొర నిండి ఉంటే 3.5 నుంచి 4. ఎముకలు ఎక్కడా చేతికి అందకపోతే అది కొవ్వు పట్టిన గేదె.

ఈనే నాటికి 3.5 దగ్గర ఉండడం మంచిది. ఈనిన తరువాత రెండు నెలల్లో అర పాయింటు దిగితే కంగారు పడనక్కరలేదు. ఒక పాయింటుకు మించి దిగినా, 2.5 కన్నా కిందికి పోయినా తిరిగి ఎదకు రావడం ఆలస్యమవుతుంది. గేదెలో మూగ ఎద, అంటే లక్షణాలు బయటికి కనిపించని ఎద, సహజంగానే ఎక్కువ. బక్కచిక్కిన గేదెలో అది మరీ కనిపించదు. మన వాతావరణంలో గేదెలు ఎక్కువగా సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి లోపల ఎదకు వస్తాయి కాబట్టి, ఆగస్టులో ఈని అక్టోబరు నాటికి ఒళ్లు పూర్తిగా దింపుకున్న గేదె ఆ కాలాన్నంతా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పాల డబ్బు లెక్క మాత్రమే చూసేవారికి ఈ నష్టం వెంటనే కనబడదు, ఏడాది తరువాత వట్టి గేదెను మేపుతున్నప్పుడు తెలుస్తుంది.

కొవ్వు రూపంలో శక్తి: బైపాస్ కొవ్వు, పత్తి గింజలు, నూనె

ఒళ్లు నిలపడానికి అమ్మే వాటిలో అన్నింటికన్నా ఎక్కువ పేరు బైపాస్ కొవ్వుది, అందుకే దీని గురించి కొంచెం విపులంగా చెబుతాను. పామాయిల్ కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపి చేసే ఈ పొడిలో 80 శాతానికి పైగా కొవ్వు ఉంటుంది. మొదటి పొట్టలో, అంటే నెమరు వేసే పెద్ద పొట్టలో, అది కరగదు. అక్కడి సూక్ష్మజీవులకు ఆటంకం కలిగించకుండా ముందుకు పోయి చివరి పొట్టలోని ఆమ్లంలో విడిపోయి, చిన్నపేగులో జీర్ణమవుతుంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెప్పే మోతాదు ప్రతి లీటరు పాలకు 15 నుంచి 20 గ్రాములు. ఈనడానికి పది రోజుల ముందు మొదలుపెట్టి ఈనిన మూడు నెలల దాకా ఇవ్వడం దాని పద్ధతి. పది లీటర్ల గేదెకు రోజుకు 150 నుంచి 200 గ్రాములు.

దీని నుంచి వచ్చే శక్తి ఎంత? నా లెక్కలో 150 గ్రాముల బైపాస్ కొవ్వు శక్తిలో ఇంచుమించు 400 గ్రాముల దాణాకు సాటి. ఉదాహరణకు కొవ్వు పొడి కిలో 160 రూపాయలు, దాణా కిలో 30 రూపాయలు అనుకుంటే, ఒకటి 24 రూపాయలకు ఇచ్చే శక్తిని రెండోది 12 రూపాయలకు ఇస్తుంది. మరి ఎందుకు కొనాలి? పొట్టలో చోటు లేదు కాబట్టి. రోజుకు ఐదారు కిలోల దాణా తింటున్న గేదెకు ఇంకో కిలో కలిపితే పెద్ద పొట్టలో ఆమ్లం పెరిగి, మేత మానేసి, వెన్న శాతం పడిపోయే ప్రమాదం ఉంటుంది. అక్కడ తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి ఇచ్చే వస్తువు విలువ తెలుస్తుంది. వెన్న శాతం మీద పాల డబ్బు లెక్కించే కేంద్రాలకు పోసేవారికి మరో లాభం కూడా ఉంది. పది కిలోల పాలలో వెన్న 0.3 శాతం పెరిగితే 30 గ్రాముల వెన్న అదనం. కిలో వెన్నకు 750 రూపాయలు వస్తుందనుకుంటే అది 22 రూపాయలకు పైమాటే, అంటే పొడి ఖర్చు దాదాపుగా అక్కడే తిరిగి వస్తుంది, నిలిచిన ఒళ్లు పైన లాభం. పెరుగుదల అందరికీ అంతే ఉంటుందని నేను చెప్పను. పొడి మొదలుపెట్టక ముందు వారం, మొదలుపెట్టిన మూడో వారం పాల కేంద్రం రసీదులను పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీ గేదె మాట మీకే తెలుస్తుంది.

ఐదు లీటర్లు ఇచ్చే గేదెకు, ఈని ఆరు నెలలు దాటిన గేదెకు బైపాస్ కొవ్వు వద్దనే నా సలహా. వాటి పొట్టలో చోటు ఉంది. దాణా పెంచితే సగం ఖర్చుతో పని జరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో వాసన నచ్చక కొన్ని గేదెలు దాణా వదిలేస్తాయి. 50 గ్రాములతో మొదలుపెట్టి వారంలో పూర్తి మోతాదుకు తీసుకురావాలి.

దీనికి బదులుగా మన వాళ్లు ఎప్పటినుంచో పెట్టే పత్తి గింజలను తక్కువ చేసి చూడకూడదు. గింజలో 18 నుంచి 20 శాతం నూనె, 22 శాతం దాకా మాంసకృత్తులు, పైన ఉన్న దూది వల్ల కొంత పీచు ఉంటాయి. నూనె గింజ లోపల ఉండి నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి మొదటి పొట్టకు అంత హాని చేయదు. రోజుకు కిలో నుంచి కిలోన్నర వరకు పెట్టవచ్చు. అంతకు మించితే అందులోని గాసిపాల్ అనే విష పదార్థం, అధిక నూనె రెండూ ఇబ్బందే. మంచి పత్తి గింజలు అందుబాటు ధరకు దొరికిన ఏడాది నేను కొవ్వు పొడి కొనను, ఎందుకంటే ఒకే వస్తువులో శక్తి, మాంసకృత్తులు రెండూ వస్తున్నాయి. అయితే రెండూ కలిపి పెట్టాలనుకునేవారు మొత్తం మేతలో కొవ్వు ఎండు పదార్థం (తేమ తీసేసిన మేత బరువు) లెక్కన 5, 6 శాతం దాటకుండా చూసుకోవాలి.

గేదెకు నూనె పట్టడం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. వేరుశనగ నూనె గానీ ఆవనూనె గానీ పావు లీటరు, అర లీటరు పోస్తారు. విడి నూనె గడ్డి పీచు మీద పొరలా పట్టి, పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. గడ్డి సరిగా అరగకపోతే వచ్చే శక్తి తగ్గి, వెన్న శాతమూ తగ్గుతుంది. వెదురు గొట్టంతో బలవంతంగా పోసేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయిన గేదెలు ఉన్నాయి. దయచేసి ఈ పని చేయకండి.

నూనె తీసిన చెక్కల మధ్య ఎంపిక

మాంసకృత్తుల లోటు ఉన్న గేదె కొవ్వుతో పాటు కండ కూడా కరిగించుకుంటుంది, మేత కూడా తక్కువ తింటుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే కాబట్టి ఎండుగడ్డి మీద నడిచే మన పాడికి ఈ లోటు సామాన్యం. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు 40 శాతానికి పైగా ఉన్నా, అందులో ఎక్కువ భాగం మొదటి పొట్టలోనే విరిగిపోతుంది. వట్టి గడ్డి తినే, ఐదారు లీటర్లు ఇచ్చే గేదెకు అది మంచిదే, ఎందుకంటే అక్కడి సూక్ష్మజీవులకే నత్రజని కరవు. పన్నెండు లీటర్ల గేదెకు మాత్రం మొదటి పొట్టను దాటి పేగులోకి చేరే మాంసకృత్తులు కావాలి. పత్తి చెక్క, కొబ్బరి చెక్క ఈ విషయంలో వేరుశనగ చెక్క కన్నా మెరుగు. శుద్ధిచేసిన చెక్కతో చేసే బైపాస్ ప్రోటీన్ దాణా కూడా ఇలాంటి గేదెకే, ఐదు లీటర్ల గేదెకు అది డబ్బు వృథా. తెలకపిండిలో కాల్షియం, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ధర ఎక్కువ కాబట్టి ఈనిన మొదటి నెలలో పావుకిలో, అరకిలో చొప్పున ఇతర చెక్కలతో కలపడం మేలు. ఉలవలు ఉడకబెట్టి పెట్టడం మన పాత అలవాటు, మంచి అలవాటే. అయితే కిలో ఉలవల ధరకు ఎంత చెక్క వస్తుందో చూసుకొని నిర్ణయించుకోవాలి.

సముద్రపు గాలి ఉన్న మన ప్రాంతంలో వేరుశనగ చెక్కకు ఉన్న అసలు శత్రువు బూజు. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీసి ఒళ్లు దింపుతుంది, పాలలోకి కూడా వస్తుంది. పాలలో దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములని ఆహార భద్రతా నిబంధన. నెలకు మించి చెక్క నిల్వ పెట్టకుండా, నేలకు ఆనకుండా కర్ర పలకల మీద బస్తాలు పేర్చుకోవాలి. తుపాను కాలంలో గడ్డి కుప్పల విషయం కూడా ఇంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఇక్కడి గడ్డి కుప్పలు ఎలా నానాయో చూసినవారు మరచిపోలేరు. నల్లబడి బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవులు, గిట్టల దగ్గర కుళ్లు వచ్చే జబ్బు ఉంది. అలాంటి గడ్డి ఎంత కరవైనా పెట్టకూడదు.

తవుడు గురించి ఒక్క మాట. పచ్చి తవుడులో 12 నుంచి 18 శాతం నూనె ఉంటుంది, శక్తి బాగుంటుంది, కానీ కొద్ది రోజుల్లోనే మక్కు వాసన వస్తుంది. నూనె తీసిన తవుడులో నూనె దాదాపు ఉండదు, శక్తి తక్కువ, నిల్వ మాత్రం ఉంటుంది. రెండింటినీ తవుడే అని ఒకే లెక్కన కలిపే వారి గేదెలు అదే కిలోలు తింటూ బక్కచిక్కుతాయి.

ఖనిజ లవణ మిశ్రమమా, కాల్షియం ద్రావణమా

ఈ రెండింటిలో మీ దగ్గర ఒకదానికే డబ్బు ఉంటే ఖనిజ లవణ మిశ్రమమే కొనండి. ఎందుకో చెప్పాలంటే మన గడ్డి దగ్గరికే వెళ్లాలి. వరిగడ్డిలో కాల్షియం తక్కువ, ఉన్న దానిని కూడా అందులోని ఆక్సలేట్లు పట్టి ఉంచుతాయి. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. వరిగడ్డి, తవుడు అనే ఈ జంట మీద నడిచే గేదెకు కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి తలకిందులవుతుంది. ఉండవలసింది ఇంచుమించు 2కు 1. జింకు, రాగి, కోబాల్టు కూడా తక్కువే. చెరకు పండే అనకాపల్లి, చోడవరం వైపు చెరకు ఆకు మేపేవారికి కూడా ఇదే పరిస్థితి. చోడి గడ్డిలో కాల్షియం వరిగడ్డి కన్నా ఎక్కువ. దొరికే ఊళ్లలో దానిని వరిగడ్డితో కలిపి వాడుకోవడం తెలివైన పని. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్న మిశ్రమంలో కాల్షియం 20 శాతం, ఫాస్ఫరస్ 12 శాతం ఉండాలి. ఆ అంకెలు సంచి మీద చూసి కొనాలి. పాలిచ్చే గేదెకు రోజుకు 50 నుంచి 100 గ్రాములు, ఎక్కువ పాలిచ్చే దానికి ఇంకా కొంచెం, ఏడాది పొడుగునా. దానితో పాటు 30 గ్రాముల ఉప్పు.

ఒళ్లు మీద దీని ప్రభావం బైపాస్ కొవ్వులా రెండు, మూడు వారాల్లో కనిపించదు. ఖనిజాల్లో శక్తి లేదు. అవి ఆకలిని, అరుగుదలను, ఎదను నిలబెడతాయి. బాగా మేపుతున్నా ఆకలి లేక గోడలు, గుడ్డలు నాకే గేదె రెండు నెలలు వాడాక మారడం చూస్తాం. కాల్షియం ద్రావణం వేరే పనికి వస్తుంది: ఈనిన మొదటి వారంలో, పాలజ్వరం (ఈనినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) వచ్చిన చరిత్ర ఉన్న గేదెకు, వైద్యుడు చెప్పినప్పుడు. దానిని నెలల తరబడి పోసి ఒళ్లు రాలేదని బాధపడడంలో అర్థం లేదు.

ఈస్ట్, సోడా, బెల్లం, అజొల్లా

ఈస్ట్ పొడి పీచు అరుగుదలకు, వేసవిలో మేత మీద ఆకలి నిలవడానికి కొంత సాయపడుతుంది. ఫలితాలు గేదెకూ గేదెకూ మారుతూ ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోతలో మేత తగ్గిన గేదెకు ప్రయత్నించి చూడదగినదే, కానీ అప్పుడు గేదెకు ముందు కావలసినది నీడ, మధ్యాహ్నం రెండుసార్లు ఒంటి మీద నీళ్లు, తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక మేత. చెమట గ్రంథులు తక్కువైన నల్లని జంతువు అది. ఎండలో కట్టి ఖరీదైన పొడులు పెట్టడం నాకు చాలా బాధ కలిగించే దృశ్యం. తినే సోడా రోజుకు 50 నుంచి 100 గ్రాములు దాణా ఎక్కువ పెట్టేవారికి మాత్రమే అవసరం.

అనకాపల్లి బెల్లం పక్కనే ఉన్న మనకు ఈనిన గేదెకు బెల్లం పెట్టడం ఆనవాయితీ. వంద, రెండు వందల గ్రాములు దాణాలో కలిపితే రుచికి మంచిదే. కిలో, రెండు కిలోలు కుడితిలో కలిపి పోస్తే పెద్ద పొట్టలో వేగంగా పులిసి ఆమ్లం పెరుగుతుంది. బెల్లంలోని చక్కెర అలాగే రక్తంలోకి పోతుందనుకోవడం పొరపాటు. నెమరు వేసే జంతువులో అది ముందు సూక్ష్మజీవుల పాలవుతుంది. ఒళ్లు వేగంగా కరిగి, మేత మానేసి, శ్వాసలో పండు వాసన వస్తున్న గేదెకు కావలసినది బెల్లం కన్నా వైద్యుడు రాసే ప్రొపిలిన్ గ్లైకాల్ అనే శక్తినిచ్చే ద్రవం. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం విషయంలో కూడా ఇదే జాగ్రత్త.

నీటి మీద పెంచే అజొల్లా అనే చిన్న మొక్కను ఒళ్లు తెచ్చే మేతగా చెప్పుకోవడం విన్నాను. రెండు కిలోల పచ్చి అజొల్లాలో ఎండు పదార్థం నూట యాభై గ్రాములు కూడా ఉండదు. కోళ్లకు, దూడలకు పనికివస్తుంది. పది లీటర్ల గేదె ఒళ్లు మీద దాని ప్రభావం చాలా స్వల్పం. అదే శ్రమతో పది సెంట్లలో సూపర్ నేపియర్ గడ్డి, గట్టు మీద అవిశ వేసుకుంటే గాడిలో తేడా కనిపిస్తుంది. పచ్చగడ్డి లేని వారికి యూరియా గడ్డి మరో దారి: వంద కిలోల వరిగడ్డి మీద 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి పొరలుపొరలుగా చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే గడ్డిలో మాంసకృత్తుల విలువ దాదాపు రెట్టింపవుతుంది, గేదె ఎక్కువగా తింటుంది కూడా. పెట్టే ముందు కాసేపు గాలికి ఆరబెట్టాలి, ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. దుకాణంలోని ఏ డబ్బా కన్నా ముందు నేను దీనినే సూచిస్తాను.

మేత ఉన్నా ఒళ్లు రాని గేదె

పాడి మొదలుపెట్టిన కొత్తలో మా పాకలో ఒక గేదె ఉండేది. దాణా లోటు లేదు, పచ్చగడ్డి ఉంది, అయినా స్కోరు 2 దాటలేదు. రెండు నెలలు లివర్ టానిక్, కాల్షియం మార్చి మార్చి పోశాను. చివరికి పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగల గుడ్లు కనిపించాయి; చెరువు గట్టు గడ్డి మేసి, ఆ నీటిలోనే పొర్లే గేదెకు అది వచ్చే అవకాశం ఎక్కువని అప్పుడు తెలిసింది. సరైన మందు వేశాక నెలన్నరలో అదే దాణా మీద ఒళ్లు పట్టింది. ఆ రెండు నెలలు ఆ మూగజీవి పడిన బాధ నా తొందరపాటు వల్లనే కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. మేత లెక్క సరిగా ఉండి కూడా నెల రోజుల్లో స్కోరు కదలకపోతే, దవడ కింద వాపు గానీ పలుచని పేడ గానీ కనిపిస్తే, ఏ పొడీ కొనక ముందు పేడను పశువైద్యశాలకు పంపాలి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

నాలుగు గేదెలు, నాలుగు నిర్ణయాలు

ఈని నలభై రోజులై, 12 లీటర్లు ఇస్తూ, స్కోరు 3.5 నుంచి 2.5కు దిగిన గ్రేడెడ్ ముర్రాకు దాణా ఇప్పటికే ఆరు కిలోలు ఉంటే, బైపాస్ కొవ్వు 200 గ్రాములు, దాణాలో వేరుశనగ చెక్క కొంత తగ్గించి పత్తి చెక్క, 100 గ్రాముల ఖనిజ మిశ్రమం, దాణాను రెండు పూటలకు బదులు మూడు పూటలుగా పంచడం. ఇక్కడ ఖర్చు పెట్టడానికి వెనకాడవద్దు. ఇదే గేదె మూడు నెలలు దాటి, స్కోరు 3 చేరాక కొవ్వు పొడిని వారంలో తగ్గించి ఆపేయండి.

ఐదు లీటర్లిచ్చే ఊరి గేదె స్కోరు 2.5 ఉంటే ఖనిజ మిశ్రమం 50 గ్రాములు, దాణా మరో కిలో, యూరియా గడ్డి. పొడుల జోలికి పోనక్కరలేదు.

పాలు ఆపి ఈనడానికి రెండు నెలలు ఉన్న చూడి గేదె స్కోరు 2.5 ఉంటే అసలు అవకాశం ఇక్కడే ఉంది. ఈ రోజుల్లో రోజుకు రెండు కిలోల దాణా, పచ్చగడ్డి ఇచ్చి ఈనే నాటికి 3.5 దగ్గరకు తీసుకురావడానికయ్యే ఖర్చు, ఈనిన తరువాత అదే ఒళ్లు తేవడానికయ్యే ఖర్చు కన్నా చాలా తక్కువ, ఎందుకంటే అప్పుడు తిన్నదంతా పాలలోకి పోదు. చాలా ఇళ్లలో పాలు ఆగగానే దాణా కూడా ఆపేస్తారు. మా ఇంట్లోనూ ఒకప్పుడు అంతే. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి పాలిచ్చేటప్పుడు పెట్టబోయే దాణానే కొద్దికొద్దిగా మొదలుపెడితే పొట్ట దానికి అలవాటు పడుతుంది.

నాలుగోది స్కోరు 4.5 ఉన్న చూడి గేదె. దీనికి ఏ అదనపు పోషకమూ వద్దు, దాణా తగ్గించి గడ్డి మీదే ఉంచాలి, కానీ పూర్తిగా ఆకలితో ఉంచకూడదు. చివరి రెండు నెలల్లో బలవంతంగా చిక్కించబోతే కాలేయం మీద భారం పడుతుంది. కొవ్వు పట్టిన గేదె ఈనిన తరువాత మేత తక్కువ తిని, సన్నగా ఉన్న దాని కన్నా వేగంగా ఒళ్లు దింపుకుంటుంది కాబట్టి దానిని మొదటి నెలలో వారానికి ఒకసారి తడిమి చూస్తూ ఉండాలి.

ఏ మార్పు చేసినా వారం, పది రోజుల మీద నెమ్మదిగా చేయాలి, ఒకేసారి రెండు కొత్త వస్తువులు మొదలుపెట్టకూడదు. పెడితే లాభం దేనిదో, నష్టం దేనిదో తెలియదు. మా పాకలో గోడకు ఒక క్యాలెండరు ఉంది. ప్రతి నెల ఒకటో తేదీన ఉదయం పాలు పితికాక ప్రతి గేదెను తడిమి స్కోరు, ఆ రోజు పాలు, వెన్న శాతం ఆ తేదీ గడిలోనే రాస్తాం. పొడి మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు దాని కిందే ఎర్ర సిరాతో ఉంటాయి.